మెరుపు వచ్చింది, గీతలూ తిరిగి వచ్చాయి

గత సంచికలో కారు పెయింటు మీద వాటర్ పేపర్ (నీళ్లతో తడిపి రుద్దే సన్నటి గరుకు కాగితం) ఎప్పుడు పట్టాలి, ఎప్పుడు దాని జోలికి పోకూడదు అన్నది రాశాను. మామూలు గీతలకు గోరుతో పోయేదానికి గొడ్డలి ఎందుకన్నది నా వాదన. అది చదివి పేపర్ పక్కన పెట్టేసినవాళ్లు ఉత్తరాలు రాయలేదు. అప్పటికే రుద్దేసినవాళ్లు రాశారు. వాళ్లలో ఎక్కువమంది గోడు ఒకటే: రుద్దాం, పాలిష్ పట్టాం, అద్దంలా మెరిసింది, ఎండలో పెడితే గీతలు. అందుకని మొదటి ఉత్తరానికే సగం చోటు ఇచ్చేస్తున్నాను. మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: అన్నా, నాది ఏడేళ్ల నల్ల కారు. పెయింటు కంపెనీలో వేసిందే, మళ్లీ వేయించలేదు. బానెట్ మీద ఆరెంజ్ పీల్ (నారింజ తొక్కలాంటి ఎగుడుదిగుడు), కొన్ని లోతు గీతలు ఉంటే 1500 వాటర్ పేపర్, తర్వాత 2000 చేత్తో పట్టాను. చిన్న డీఏ పాలిషర్ (ప్యాడ్ తిరుగుతూనే పక్కలకు ఊగే మెషీన్) కొని ఫోమ్ ప్యాడ్‌తో కాంపౌండ్ (గీతల్ని కోసే గరుకు పాలిష్) వేశాను. నీడలో నా ముఖం కనపడింది. మర్నాడు ఎండలో చూస్తే సూర్యుడి చుట్టూ సాలెగూడు అల్లినట్టు గుండ్రటి గీతలు, మధ్యలో కొన్ని తిన్నటి గీతలు. మూడుసార్లు మళ్లీ పాలిష్ పట్టాను. పట్టిన రోజు మాయమవుతాయి, రెండుసార్లు కడిగితే మళ్లీ హాజరు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. పెయింటు పోయినట్టేనా?

పోలేదు తమ్ముడూ. ఇంకో మూడుసార్లు ఇలాగే పడితే మాత్రం పోతుంది. ముందు మెషీన్ ప్లగ్గు తీసి ఇది చదువు.

ఆ గుండ్రటి గీతలు నిజానికి గుండ్రంగా లేవు. బానెట్ నిండా అన్ని దిక్కులకూ అడ్డదిడ్డంగా సన్నగీతలు ఉన్నాయి. వెలుగుకు అడ్డంగా పడిన గీత మెరుస్తుంది, వెలుగు వైపు సాగిన గీత కంటికి ఆనదు. సూర్యుడి చుట్టూ ఏ పక్కన చూసినా అడ్డంగా ఉన్నవే వెలుగుతాయి కాబట్టి అవన్నీ కలిసి చక్రాల్లా కనిపిస్తాయి. రాత్రి సెల్‌ఫోన్ లైటు వేసి బానెట్ మీద అటూ ఇటూ జరిపి చూడు. చక్రాలు కూడా లైటు వెంటే నడుస్తాయి. నిజంగా గుండ్రటి గీతలైతే ఉన్నచోటే ఉండాలి కదా? ఇది ఎందుకు చెప్తున్నానంటే, గుండ్రంగా రుద్దబట్టే ఇవి పడ్డాయని చాలామంది నిలువుగా రుద్దడం మొదలుపెడతారు. చెయ్యి తిప్పే తీరు మార్చినంత మాత్రాన గీత పోదు. గీస్తున్నదేదో కనిపెట్టి దాన్ని మార్చాలి.

నీ బానెట్ మీద రెండు రకాలున్నాయి. తిన్నగా, పక్కపక్కన వరసగా ఉన్నవి పేపర్ గీతలు. అవి 1500 పేపర్ గీసినవి, 2000 తీయాల్సినవి, తీయకుండా మిగిలినవి (అంకె పెరిగేకొద్దీ పేపర్ నున్నన). సాలెగూడులా ఉన్నవి కాంపౌండ్‌వో, ప్యాడ్‌వో, నువ్వు తుడిచిన గుడ్డవో. ఈ రెండింటికీ మందు ఒకటి కాదు. మొదటి రకానికి రెండో రకం మందు మూడుసార్లు వేశావు, అదీ జరిగింది.

మరి పట్టిన రోజు ఎలా మాయమయ్యాయంటావా? చాలా కాంపౌండ్లలో, పాలిష్‌లలో నూనెలుంటాయి. ప్యాడ్ జారడానికి అవి కావాలి, తప్పు కాదు. కానీ ఆ నూనె సన్నగీతల్లోకి దిగి నిండిపోతుంది. గీత నిండితే వెలుగు చెదరదు, చెదరకపోతే కనపడదు. రెండుసార్లు షాంపూతో కడిగేసరికి నూనె పోయి లోపలి గుట్టు బయటపడుతుంది. పైన పటారం, లోన లొటారం. అందుకని పాలిష్ పట్టిన ప్రతిచోటా నూనె దించాకే చూడాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక వంతు, నీళ్లు మూడు వంతులు కలిపి స్ప్రే కొట్టి, కొన్ని సెకన్లు ఆగి, ఉతికిన మైక్రోఫైబర్ గుడ్డతో తుడువు. అప్పుడు కనిపించేదే నీ పనితనం. దానికి ముందు కనిపించిన మెరుపును లెక్కలో వేసుకోకు. వెలుతురు విషయంలో కూడా ట్యూబ్‌లైటును నమ్మొద్దు. దాని వెలుగు పరుచుకుని వస్తుంది, గీతల్ని దాచేస్తుంది. ఎండగానీ, ఒకే బిందువు నుంచి వచ్చే ఎల్‌ఈడీ టార్చిగానీ కావాలి.

ఇప్పుడు అసలు భయం సంగతి. రంగు మీద ఉండే పారదర్శకమైన పొర క్లియర్ కోట్. కంపెనీ పెయింటులో ఇది మామూలుగా 40, 50 మైక్రాన్లు ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మనం ప్రింటు తీసుకునే తెల్లకాగితం మందం సుమారు 100 మైక్రాన్లు. అంటే నువ్వు చేసే పనంతా సగం కాగితం మందంలోనే జరగాలి. అందులో కొంత 1500 తినేసింది, కొంత 2000, కొంత నీ మూడు పాలిష్‌లు. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి రంగును కాపాడేది ఆ పొరే. మరీ పలచనైతే ఇవాళ బాగానే ఉంటుంది, కొన్నేళ్లకు తెల్లగా పొక్కులు లేచి పొరలు పొరలుగా ఊడుతుంది. కాబట్టి పెయింటు మందం కొలిచే గేజ్ ఎవరి దగ్గరైనా తెచ్చుకుని బానెట్ మీద పదిచోట్ల, ముట్టుకోని టాప్ మీద నాలుగుచోట్ల కొలువు. అది క్లియర్‌ని ఒక్కదాన్నే చెప్పదు, రేకు మీదున్న పొరలన్నీ కలిపి చెప్తుంది. అందుకే టాప్‌తో పోల్చమన్నాను. కంపెనీ పెయింటు మొత్తం సాధారణంగా 100 నుంచి 150 మధ్య ఉంటుంది. బానెట్ మీద ఎక్కడైనా 80, 90 చూపిస్తే అక్కడ ఇక పేపర్ ముట్టుకోను. అది నా హద్దు. ఆ గీతలతోనే బతికేస్తాను.

మందం ఉందనుకుందాం. నేరుగా కాంపౌండ్‌కి వెళ్లకు, 1500కి అసలే వెళ్లకు. 2500, తర్వాత 3000 పేపర్ తీసుకో. కొనేటప్పుడు వెనక అంకె ముందు పి అక్షరం ఉందో లేదో చూడు. ఐరోపా కొలత ప్రకారం పి 1000లో రేణువు సగటు 18 మైక్రాన్లు, పి 1500లో దాదాపు 13, పి 2000లో 10, పి 2500లో 8. అమెరికా పాత కొలతలో, అంటే పి లేని 1000లో, రేణువు 9 మైక్రాన్లే. అంటే పి లేని 1000, పి ఉన్న 2000 కన్నా నున్నన! ఒక కొలత పేపర్ మీద ఇంకో కొలత పేపర్ పడితే నున్నటి పేపర్‌కి మారాననుకుంటూ గరుకుదానికి వెళ్లిన సందర్భాలు నేనే చూశాను. నీ 1500, 2000 వేరువేరు కంపెనీలవైతే ముందు అనుమానం దీని మీదే.

పేపర్‌ని పావుగంట నీళ్లలో నాననివ్వు. బకెట్లో నాలుగు చుక్కలు కారు షాంపూ వేస్తే పేపర్ జారుతుంది, తెగిన పొడి దానికి అంటుకోదు. చేతివేళ్లతో పట్టుకోవద్దు. వేళ్ల కింద నొక్కుడు ఎక్కువై మూడు సాళ్లు పడతాయి, పాలిష్ అయ్యాక పక్కనుంచి చూస్తే అలలు. మెత్తటి రబ్బరు బ్లాకుకు చుట్టు. బాడీ మడతల మీద, బానెట్ అంచుల వెంట సెంటీమీటరు వెడల్పున మాస్కింగ్ టేపు వెయ్యి. కడిగి ఆరబెట్టిన బానెట్ మీద మాత్రమే మొదలుపెట్టు. రుద్దుతుంటే చెవి పెట్టి విను. మంచి పేపర్ సన్నగా సుయ్యిమంటుంది. కిర్రుమందంటే మధ్యలో ఇసుక రేణువు చిక్కింది. అక్కడే ఆపి, పేపర్‌ని, బానెట్‌ని రెండింటినీ కడుగు. ఒక్క రేణువు గీసిన గీత, నువ్వు పూటంతా రుద్దినా పోదు.

దిక్కు మార్చమని ఇక్కడ మాత్రం చెప్తాను. ముందు పేపర్ నిలువుగా పట్టి ఉంటే 2500 అడ్డంగా పట్టు. ఇరవై సార్లు రుద్దు, పాత వైపర్ రబ్బరుతో నీళ్లు లాగెయ్యి, వంగి పక్కచూపుతో చూడు. నీళ్లు ఉన్నంతసేపూ బానెట్ నున్నగా అబద్ధం చెప్తుంది. రబ్బరు లాగిన పట్టీ ఆరగానే, తడిసి ఆరిన పలకలా బూడిద రంగులోకి తిరుగుతుంది, ఆ బూడిదలో గీతల దిక్కు కనపడుతుంది. అడ్డగీతల మధ్య ఒక్క నిలువుగీత ఉన్నా ఈ మెట్టు కాలేదన్నమాట. ఒక్కటీ లేకపోతే 3000 తీసుకుని మళ్లీ నిలువుగా. రుద్దేటప్పుడు వచ్చే పాలలాంటి తెల్లనీళ్లు క్లియర్ కోటువే. వాటిలో నలుపు కలిసిందంటే క్లియర్ దాటి రంగులోకి దిగావు, అక్కడితో ఆపెయ్యాలి.

3000 దాకా వచ్చిన బానెట్‌కి కాంపౌండ్ పని తేలిక. నీ ఫోమ్ ప్యాడ్ 2000 గీతల్ని తీయలేక చేతులెత్తేసింది, డీఏ మెషీన్ తప్పేమీ లేదు. మొదటి విడతకు మైక్రోఫైబర్ కటింగ్ ప్యాడ్ తెచ్చుకో. 40, 50 సెంటీమీటర్ల గడి ఒక్కటే పట్టు. బానెట్ మొత్తం ఒక్కసారిగా రుద్దితే ఎక్కడా పని జరగదు. ప్యాడ్ మీద చిటికెన వేలి గోరంత చుక్కలు నాలుగు చాలు. తక్కువ వేగంలో పూసి, తర్వాత మెషీన్ మీది వేగం అంకెను 4 లేదా 5కి పెంచు. చెయ్యి సెకనుకు రెండు మూడు సెంటీమీటర్లకు మించి కదలకూడదు. విసుగొస్తుంది, రావాలి. ఒక వరస సగం మీద ఇంకో వరస పడేలా నిలువుగా రెండుసార్లు, అడ్డంగా రెండుసార్లు. ప్యాడ్ వెనక ప్లేటు అంచున మార్కర్‌తో ఒక గీత గీసి పెట్టు. గీత తిరుగుతూ కనిపిస్తే పని జరుగుతోంది. ఆగి వణుకుతోందంటే గట్టిగా నొక్కుతున్నావు, లేదా ప్యాడ్ వాలిపోయింది. నొక్కితే ఎక్కువ కోస్తుందనుకునేవాళ్లకు ఆ గీత మంచి గురువు.

గడి అయిన ప్రతిసారీ ప్యాడ్‌ని గట్టి బ్రష్‌తో దులుపు. నువ్వు చేయలేదని పందెం కాస్తాను, ఎందుకంటే ఎవరూ చేయరు. తెగిన పెయింటు పొడి, ఎండిన కాంపౌండ్ కలిసి ప్యాడ్ మీద అట్ట కడతాయి. ఆ అట్టే నీ సాలెగూడులో సగాన్ని అల్లింది.

ఆల్కహాల్‌తో తుడిచి టార్చి వెయ్యి. తిన్నటి గీతలు పోయి సన్నటి పొగలాంటి మసక మిగిలితే మొదటి విడత పాసైంది. ఆ మసక కాంపౌండ్‌ది, మైక్రోఫైబర్ ప్యాడ్‌ది. నల్ల కారు మీద ఇది రాకుండా ఉండదు. అందుకే రెండో విడత: వేరే మెత్తటి ఫోమ్ ప్యాడ్, సన్నటి ఫినిషింగ్ పాలిష్, మెషీన్ బరువుకు తోడు చేతి బరువు దాదాపు లేకుండా. మొదటి విడతలో వాడిన ప్యాడ్‌ని కడిగి దీనికి వాడదామనుకోకు. ఇక మూడు విడతలు కాంపౌండ్ పట్టినా తిన్నటి గీత అలాగే ఉంటే కాంపౌండ్ మార్చకు, పేపర్ మెట్టు దగ్గరకు వెనక్కి వెళ్లు. గోరు అడ్డంగా లాగితే గోరుకు తగులుకునే గీత మిగిలితే దాన్ని వదిలెయ్యి. అది క్లియర్ అడుగు దాకా వెళ్లి ఉండొచ్చు, దాని కోసం చుట్టూ అంతా తోడెయ్యడం అన్యాయం.

ముందు ఒక్క గడి పూర్తిగా, రెండు విడతలూ చేసి, రెండుసార్లు షాంపూతో కడిగి ఎండలో చూడు. అక్కడ గీతలు రాకపోతేనే మిగతా బానెట్.

ప్రశ్న: అయ్యా, చిన్న దెబ్బ తగిలితే ఒక షెడ్డులో తలుపు మొత్తం రంగు వేయించాను. తెచ్చుకున్న రోజు అద్దమే. నెల తిరిగేసరికి మెరుపు తగ్గి, పేపర్ పట్టిన గీతలు లోపలినుంచి పైకి తేలినట్టు కనిపిస్తున్నాయి. మళ్లీ పాలిష్ పడితే సరిపోతుందా?

తొందరపడి రుద్దేశారు. ఇప్పుడు వేసే టూకే (రెండు భాగాలు కలిపి వేసే) క్లియర్ గట్టిపడేది గాలికి ఆరి మాత్రమే కాదు, దానిలో కలిపిన హార్డెనర్‌తో రసాయన చర్య జరిగి. ఓవెన్‌లో రేకు వేడి 60 డిగ్రీలు ఉండేలా అరగంట ఉంచితే చాలావరకు గట్టిపడుతుంది. ఓవెన్ లేకుండా బయట ఆరబెడితే రోజులు పడుతుంది. పైపొర ముందు గట్టిపడి, కింద ఉన్న థిన్నర్ మెల్లగా బయటికి వస్తూ ఉంటుంది. అది వెళ్లేకొద్దీ పొర కుంగుతుంది. కుంగినప్పుడు కింద ఉన్న ఎగుడుదిగుడులన్నీ పైకి అచ్చు పడతాయి. మెత్తగా ఉన్నప్పుడు పాలిష్ పట్టి పూడ్చిన గీతలు కూడా తెరుచుకుంటాయి.

అయితే మీరు చూస్తున్న గీతలు ఎక్కడివో ముందు తేలాలి. క్లియర్ మీదివా, రంగు కింద లప్పం రుద్దినప్పటివా? అరచేయి అంత చోట ఫినిషింగ్ పాలిష్ పట్టి, ఆల్కహాల్‌తో తుడిచి చూడండి. గీతలు తగ్గినా, కొంచెం మారినా పైవే. రెండు నెలలు ఆగి పాలిష్ పట్టిస్తే పోతాయి. ఏమాత్రం మారకపోతే కిందివి. వాటి దాకా ఏ పాలిష్ వెళ్లదు, వెళ్లాలంటే రంగు చీల్చుకుని వెళ్లాలి. అప్పుడు షెడ్డు వాళ్లతో మాట్లాడటమే, తలుపు మళ్లీ వేయడమే. ఈ రెండు నెలలూ మాత్రం దాని మీద వ్యాక్స్, కోటింగ్ ఏదీ వేయించకండి. ఇంకా బయటికి వెళ్లాల్సిన థిన్నర్‌కు దారి మూసేసినట్టవుతుంది.

ప్రశ్న: మా తెల్ల కారు మీద నాకు గీతలేమీ కనపడవు. ఏడాదికోసారి పాలిష్ పట్టించకపోతే పెయింటు చచ్చిపోతుందని కడిగేచోట చెప్తున్నారు. నిజమేనా?

కాదమ్మా. పాలిష్ అంటే ప్రతిసారీ కొంచెం పొర తీసేయడమే, వేయడం కాదు. తెలుపు మీద కూడా గీతలుంటాయి, కనపడవంతే. కనపడనివాటి కోసం పొర తగ్గించుకోవద్దు. కడిగాక వ్యాక్స్ వేయిస్తే చాలు.

ప్రశ్న: గురువుగారూ, నేను షెడ్డులో పని నేర్చుకుంటున్నాను. మా మేస్త్రి రోటరీ మెషీన్, ఉన్ని ప్యాడ్ తప్ప ఇంకోటి ముట్టనివ్వడు. పని త్వరగా అవుతుంది గానీ ఎండలో చూస్తే పెయింటు లోపల పొగ తిరుగుతున్నట్టు, ఇంద్రధనస్సులా కదులుతూ గీతలు కనిపిస్తాయి. డీఏ అడిగితే అది ఆటబొమ్మ అంటాడు.

నీ ఉత్తరం చదివితే నా పాత మేస్త్రి గుర్తొచ్చాడు. ఆయనా ఇదే మాట అనేవాడు, కాకపోతే అప్పటికి మా షెడ్డులో డీఏ లేదు.

నేను చేరిన రెండో ఏడు. ఎర్ర కారు బానెట్, వాటర్ పేపర్ అయిపోయింది, రోటరీ నా చేతికిచ్చి ఆయన బయటికి వెళ్లాడు. బానెట్ మధ్యలో రెండు మడతలు పొడవునా ఉన్నాయి. వాటి దగ్గర గీతలు పోవడం లేదని ప్యాడ్ వాల్చి, అంచుతో నొక్కి పట్టాను. తెల్లటి ఉన్ని మీద గులాబీ రంగు కనపడింది. రంగు బాగా తెరుచుకుంటోంది అనుకున్నాను, నిజంగా అలాగే అనుకున్నాను! ఇంకో నాలుగు సెకన్లకు మడత పొడవునా జానెడు మేర, రంగు కింద వేసే బూడిద రంగు ప్రైమర్ నన్ను చూసి నవ్వింది. మేస్త్రి వచ్చి చూసి ఒక్క మాట అనలేదు. సాయంత్రం ఒక పనికిరాని బానెట్ నా ముందు పడేసి, చేతికి టేపు చుట్ట ఇచ్చి, మడతలన్నిటికీ అంగుళం వెడల్పున టేపు వేయించాడు. వేశాక పీకి మళ్లీ వేయమన్నాడు. చీకటి పడేదాకా అదే పని. మర్నాడు నేను పాడుచేసిన బానెట్ మొత్తానికి మళ్లీ రంగు పడింది.

క్లియర్ ఉన్న కారు మీద ప్యాడ్‌కి రంగు అంటిందంటే క్లియర్ అయిపోయిందని అర్థం. క్లియర్ లేని పాతకాలపు ఒకే పొర పెయింటు మీద మాత్రం ప్యాడ్ రంగు మారడం మామూలే. ఏ కారో తెలియకపోతే మూల చూసి చేతిగుడ్డకు కాస్త పాలిష్ అద్ది రుద్ది చూడు. మడతల దగ్గరే ఎందుకు పోతుందంటే, పెయింటు తడిగా ఉన్నప్పుడే పదునైన అంచు మీద నిలవదు, పక్కలకు జారుకుంటుంది. అక్కడ పొర మొదటినుంచీ పలచన. పైగా ప్యాడ్ మొత్తం బరువు ఆ సన్నటి గట్టు మీదే పడుతుంది.

నీ పొగగీతలను హోలోగ్రామ్‌లు అంటారు. రోటరీ ఒకే దిక్కున తిరుగుతుంది, ఉన్ని పోగులు ఒకే తీరున గీస్తాయి, వెలుగు కదిలితే అవన్నీ కలిసి కదులుతాయి. మీ మేస్త్రి చెప్పింది సగం నిజం. పేపర్ గీతల్ని కోయడానికి ఉన్ని, రోటరీ మించినవి లేవు, నేనూ వాటినే వాడతాను. తప్పల్లా అక్కడితో పని ఆపేయడంలో ఉంది. ఉన్ని తర్వాత మెత్తటి ఫోమ్‌తో ఒక విడత తప్పనిసరి. అది డీఏతో అయితే దాని ప్యాడ్ తిరుగుతూనే పక్కలకు ఊగుతుంది కాబట్టి ఒకే దిక్కు గీతలు పడవు. "కోత మీరు కొట్టండి, చివరి చెయ్యి నేను వేస్తాను" అని అడిగి చూడు. ఒక తలుపు ఆయన పద్ధతిలో, ఒక తలుపు నీ పద్ధతిలో చేసి కారు ఎండలోకి తియ్యి. వాదించొద్దు, కారే మాట్లాడుతుంది.

రోటరీ పట్టినంతకాలం వేగం నిమిషానికి 1000, 1400 చుట్ల మధ్య ఉంచు. పూసేటప్పుడు 600 చాలు. ఒకేచోట నిలపకు. మధ్యమధ్య అరచేతి వెనక భాగం ఆనించి చూడు, మూడు సెకన్లు ఉంచలేకపోతే ఆ గడి వదిలి వేరేచోటికి వెళ్లు. అంచు దగ్గర ప్యాడ్ అంచు మీదనుంచి బయటికి తిరగాలి, బయటనుంచి అంచు మీదకు ఎక్కకూడదు. బంపర్ దగ్గర ఇంకా జాగ్రత్త. రేకు వేడిని లాగేసి పక్కలకు పంచుతుంది, ప్లాస్టిక్ పంచదు. వేడంతా పెయింటులోనే నిలిచి, రేకు మీద ఏమీ కానంత సేపట్లోనే బంపర్ మీద పెయింటు ముడుచుకుంటుంది. వైరు భుజం మీదుగా వెనక్కి వేసుకో, ఉంగరం, వాచీ తీసి జేబులో పెట్టు. గుండీల చొక్కా మీద ఏప్రన్ కట్టు. నీ కోసం కాదు, కారు కోసం.

ప్రశ్న: టూత్‌పేస్టుతో గీతలు పోతాయా?

సన్నవి కొన్ని పోతాయి, అదీ ఒక రాపిడి పదార్థమే కనుక. అది పళ్లకు తయారుచేసింది. పక్కన కారుకోసమే తయారైన పాలిష్ ఉండగా దాంతో ఎందుకు కుస్తీ?

ప్రశ్న: సార్, పాలిష్ ఖర్చు ఎందుకు, నేరుగా సెరామిక్ కోటింగ్ వేయిస్తే గీతలు పూడిపోతాయని స్నేహితుడు అంటున్నాడు.

పూడవు. ఆ కోటింగ్ ఆరాక మిగిలే మందం సాధారణంగా మైక్రాను, రెండు మైక్రాన్లే. దాని కింద గీతలు అద్దం కింద ఫొటోలా భద్రంగా ఉంటాయి. తర్వాత వాటిని తీయాలంటే ముందు కోటింగ్‌నే పాలిష్‌తో తీసేయాలి. కోటింగ్ వేసే ముందు నూనె దించి, టార్చి వేసి చూపించమనండి. చూపించడానికి సందేహిస్తే మీకు జవాబు దొరికినట్టే.

ప్రశ్న: చాలా కష్టపడి గీతలు తీశాను. కడగడంలో మళ్లీ పడకుండా ఏం చేయాలి? ఒక్కసారి పేపర్ పట్టిన కారుకు మళ్లీ ఎప్పుడు పట్టొచ్చు?

రెండో ప్రశ్న అడిగారంటే మొదటిదానికి నా జవాబు పెద్దదిగా ఉండాలి.

సాలెగూడు గీతల్లో ఎక్కువ భాగం కడగడంలోనే పడతాయి, తిరిగే బ్రష్‌ల కింద మరీనూ. ముందున్న బురద కారు తాలూకు ఇసుక ఆ బ్రష్‌ల్లోనే ఉంటుంది కదా. ఇంట్లో అయితే ముందు ఒట్టి నీళ్లు పైనుంచి కిందికి బాగా కొట్టి, ధూళి ఎంత పోతుందో అంత పోనివ్వండి. దుమ్ము ఉన్న కారును పొడిగుడ్డతో తుడవడం అంటే మీరే 1500 పేపర్ పట్టడం. రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకటి షాంపూది, ఒకటి గుడ్డ జాడించడానికి. స్పాంజి వద్దు, అది ఇసుకను పైనే పట్టుకుని ఈడుస్తుంది. పొడుగు కుచ్చుల మైక్రోఫైబర్ మిట్ (చేతి తొడుగు) అయితే ఇసుక పోగుల లోపలికి వెళ్తుంది. టాప్, బానెట్, అద్దాలు ముందు. తలుపుల కింది భాగం, బంపర్ల అడుగు చివర. చక్రాల గుడ్డ, బకెట్ పూర్తిగా వేరు. ఆరబెట్టేటప్పుడు తువ్వాలు పరిచి, అద్ది ఎత్తండి, రుద్దకండి. మైక్రోఫైబర్‌లను మామూలు బట్టలతో కలిపి ఉతకవద్దు, నూలు పీచు పట్టుకుంటుంది. బట్టలు మెత్తబరిచే ద్రవం కూడా వేయవద్దు. నేల మీద పడిన తువ్వాలును ఎంత దులిపినా ఆ రోజు మళ్లీ పెయింటు మీద పెట్టకండి, ఉతికాకే.

పేపర్ విషయానికొస్తే, కంపెనీ పెయింటు మీద ఒకచోట ఒకసారే అనుకోండి. పట్టిన తేదీ, ఏ భాగం, ఏ నంబరు పేపర్, ముందూ తర్వాతా గేజ్ చూపించిన కొలత ఒక చీటీ మీద రాసి సర్వీసు పుస్తకంలో పెట్టండి. రేపు మీ కారు ఎవరైనా కొని, బానెట్ మీద ఒక గీత చూసి పేపర్ చేతిలోకి తీసుకుంటే, ఆ చీటీ అతని చెయ్యి పట్టుకుంటుంది.